వీపు మీద పడ్డ చూపు

మన భాషలో వీపు మాట ఎప్పుడొస్తుంది? ‘వీపు విమానం మోత మోగుతుంది’, ‘వీపు చిట్లగొడతాను’ అన్నప్పుడు. దెబ్బలు తినడం తప్ప దానికి వేరే పనే లేనట్టు! నాట్లు వెయ్యడానికి వంగిన వీపులూ, పొయ్యి దగ్గర చెమటకి తడిసి ముద్దయిన వీపులూ ఎవరి లెక్కలోకీ రాలేదు. అలాంటి వీపుకి ఇప్పుడు ఎక్కడలేని ప్రాముఖ్యం వచ్చిపడింది. చర్మ సౌందర్య క్లినిక్కుల్లో ‘బ్రైడల్ ప్యాకేజీ’ అని ఒకటుంటుంది. ముఖం, మెడ, చేతులతో పాటు అందులో ఇప్పుడు వీపు కూడా చేరింది. వీపు మీది మొటిమలకీ మచ్చలకీ కెమికల్ పీల్ చేస్తారు. అంటే, యాసిడ్ పూసి చర్మం పైపొర ఊడిపోయేలా చెయ్యడం.

మొటిమలు చిన్న బాధని నేననడం లేదు. వీపంతా పుండై వెల్లకిలా పడుకోలేక, నెత్తురు మరకలైన జాకెట్లని ఎవరి కంటా పడకుండా ఉతుక్కునే అమ్మాయిలున్నారు. వాళ్ళకి వైద్యం కావాలి, అందాలి. నా గొడవ వైద్యంతో కాదు, వైద్యం వేషం కట్టి సిగ్గుని అమ్మే వ్యాపారంతో.

మా అక్క కూతురికి పెళ్ళి కుదిరింది. వెనక లోతుగా కత్తిరించే జాకెట్టుకి కొలతలు తీసుకుంటూ టైలరమ్మ, “ఇన్ని మచ్చలున్నాయేంటమ్మా వీపు మీద!” అందిట. వారం తిరక్కుండా నన్ను తోడు తీసుకుని ఒక క్లినిక్కుకి వెళ్ళింది. అక్కడ డాక్టరు కంటే ముందు ‘కౌన్సిలర్’ కూచునుంది. వీపు చూసింది, ఫోటో తీసింది, “ఆరు సిట్టింగులు మేడమ్, ముహూర్తానికి క్లియర్ అయిపోతుంది” అంది. మొటిమలు ఎప్పట్నించి ఉన్నాయని అడగలేదు. నెలసరి సరిగ్గా వస్తోందా అని అడగలేదు. ఏం మందులు వాడుతున్నావని అడగలేదు. అడిగింది పెళ్ళి తేదీ ఒక్కటే! “ఏ యాసిడ్? ఎంత శాతం?” అని నేనడిగితే వింతగా చూసింది. “పిన్నీ, ఊరుకో” అని మా పిల్ల నా చెయ్యి నొక్కింది.

ఆ అడగని ప్రశ్నల్లోనే అసలు వైద్యమంతా ఉంది. వీపు మీద లేచేవన్నీ ఒకటి కాదు. బిగుతు బట్టల రాపిడికీ చెమటకీ లేచేవి వేరు. అన్నీ ఒకే సైజులో ఉండి దురద పెడుతుంటే అది ఈస్ట్ వల్ల కావచ్చు, దానికి మందు వేరు. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తుంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలి. మామూలు మొటిమలకి డాక్టర్లు ముందు వాడేవి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటి పైపూతలు, ఎక్కువగా ఉంటే కొన్నాళ్ళు డాక్సీసైక్లిన్ మాత్రలు. వీటికి డబ్బు కంటే ఓపిక ఎక్కువ కావాలి. ఇక పీల్ సంగతి. సాలిసిలిక్ యాసిడ్ కొవ్వులో కరుగుతుంది కనక చర్మరంధ్రాల్లోకి దిగి పూడిక వదిలిస్తుంది. కొందరికి మేలు చేస్తుంది కూడా. కానీ మొటిమలకి పీల్స్‌ని సిఫారసు చెయ్యడానికి తగినంత ఆధారం లేదని అమెరికన్ అకాడెమీ ఆఫ్ డెర్మటాలజీ 2024 మార్గదర్శకాల్లోనే చెప్పింది. ‘ముహూర్తానికి క్లియర్’ అనే హామీ ఎక్కణ్ణించి వచ్చినట్టు?

పైగా వీపు ముఖం కాదు. యాసిడ్ లోతుగా దిగితే వీపు ముఖమంత తొందరగా మానదు, మచ్చ కట్టే ప్రమాదమూ ఎక్కువే. అంత వెడల్పు చర్మం మీద ఒకేసారి సాలిసిలిక్ యాసిడ్ పూస్తే అది రక్తంలోకి ఎక్కి చెవుల్లో హోరు, తల తిరగడం రావచ్చు. మన చామనఛాయ చర్మం ఏ మంట పుట్టినా నల్లబడుతుంది. మొటిమ మానినా మచ్చ నెలల తరబడి ఉండేది అందుకే. పీల్ ఎక్కువైతే అదీ మంటే. మా పిల్లకి రెండో సిట్టింగు తర్వాత వీపు కుడిపక్కంతా కమిలి నల్లబడింది. క్లినిక్కు వాళ్ళేమన్నారో తెలుసా? “మీ స్కిన్ టైప్ అలాంటిది.” తప్పు యాసిడ్‌ది కాదు, పూసినవాళ్ళది కాదు, చర్మానిదట! డబ్బు కట్టించుకునేటప్పుడు ఆ చర్మం కనపడలేదా?

ఈ ‘స్కిన్ టైప్’ మాటకో చరిత్ర ఉంది. 1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ ఎండకి కందే తీరుని బట్టి చర్మాన్ని రకాలుగా విభజించాడు. మొదట అందులో ఉన్నవి తెల్లచర్మపు రకాలే. గోధుమరంగుకీ నలుపుకీ చోటు దొరికింది తర్వాతే. అదే 1975లో మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మకానికొచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ మహిళా సంవత్సరమూ అదే! 2020లో ఆ క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టారు. పేరు మారినంత తేలిగ్గా చూపు మారుతుందా?

ఇంకో సంగతి. మొండి మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలిస్తారు. బాగా పనిచేసే మందే. కానీ అది వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక ఒక నెలా గర్భం రాకూడదు. వస్తే బిడ్డకి తీవ్రమైన అవకరాలు రావచ్చు. పెళ్ళి దగ్గరపడ్డ అమ్మాయికి ఈ మాట విడమర్చి చెప్పాలంటే గర్భనిరోధం గురించి మాట్లాడాలి. పరాయివాళ్ళ ముందు వీపు విప్పించడానికి లేని మొహమాటం అక్కడ మాత్రం ముంచుకొస్తుంది!

“చేయించుకోవడం ఆమె ఇష్టం కదా, నీకెందుకు?” అంటారు. ఇష్టమే అయితే పెళ్ళికొడుక్కి ఆ ఇష్టం ఎందుకు పుట్టదు? మొటిమలు మగవాళ్ళకి రావా? పీటల మీద ఉత్తరీయంతో కూచున్న వరుడి వీపు పందిరంతటికీ కనిపిస్తుంది. దాని గురించి ఏ అత్తయ్యా గుసగుసలాడదు. వధువు వీపుకి పూలజడ అడ్డంగా ఉన్నా, ఆ జడ వెనక ఏముందోనన్న భయం మాత్రం ఆమెదే. అవమానం ఒకరు అంటగట్టి, దాన్ని వదిలించుకునే ఖర్చు మరొకరి మీద వేస్తే దాన్ని స్వేచ్ఛ అనలేం.

పీల్ చేయించుకోవద్దని నేను ఫత్వా జారీ చెయ్యడం లేదు. అడగమంటున్నాను. ఇది మొటిమేనా, ఇంకేదైనానా? ఏ యాసిడ్, ఎంత శాతం? పూసేది డాక్టరా, కాదా? ముందు చిన్న చోట పరీక్షించి చూస్తారా? నా రంగు చర్మానికి ఏమవుతుంది? నల్లబడితే బాధ్యత ఎవరిది? ఈ జవాబులు కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇవ్వనంటే లేచి వచ్చెయ్యండి.

వీపు మనకి కనపడదు. అది ఎలా ఉందో మనకి చెప్పేది ఎప్పుడూ ఇంకొకరే. నొప్పి చూసి చెబుతున్నారో, లాభం చూసి చెబుతున్నారో తేల్చుకోవలసింది మాత్రం మనమే.