తేజ్ కారు ఏది? ఫైసలా అంత ఆసాన్ కాదు

మన నౌజవాన్లు నలుగురు కూర్చుంటే ఇదే బహస్: 2020లో వచ్చిన పోర్షే 911 టర్బో ఎస్ తేజా, ఫెరారీ 296 జీటీబీ తేజా? సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పోర్షేకు 2.7 సెకన్లు, ఫెరారీకి 2.9 అని కంపెనీల దావా. అంతే, పోర్షే జిందాబాద్!

నేను ఒప్పుకోను భాయ్. తాఖత్ చూస్తే పోర్షేది 650 హార్స్‌పవర్, ఫెరారీది 830. అయినా మొదట్లో పోర్షే ఎందుకు ముందుంటుంది? దాని నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది, ఫెరారీలో వెనక రెండింటికే. ఆ 0.2 సెకన్లు టైర్ల పట్టు చేసే కమాల్. 200 దాకా పోనివ్వండి: పోర్షేకు 8.9, ఫెరారీకి 7.3. బాజీ మొత్తం ఉల్టా!

ఒక్క నంబర్ చూసి ఫైసలా చెప్పడం నాఇన్సాఫీ. ఆ నంబర్‌ను రోడ్డు మీద ఆజ్మాయిష్ చేయడం అంతకన్నా ఖతర్నాక్. అవి ఖాళీ ట్రాక్ లెక్కలు. 100 వేగంలో 0.2 సెకన్లంటే ఐదున్నర మీటర్లు. బజార్లో రోడ్డు దాటే అమ్మీజాన్‌కు ఆ ఐదున్నర మీటర్లే జిందగీ. అబ్బాజాన్‌లూ, బేటా చేతికి తాళాలిచ్చే ముందు ఈ హిసాబ్ కూడా చెప్పండి.