జ్వరం చూసే డాక్టరుకు కబురు చెప్పేదెవరు?

కొవిడ్ నేర్పిన పాఠాలు అనగానే మన దగ్గర లెక్క పడకలతో మొదలై ఆక్సిజన్ ప్లాంట్లతో ముగుస్తుంది. 2021 అక్టోబరులో 64,180 కోట్ల రూపాయలతో కేంద్రం మొదలుపెట్టిన ఆరోగ్య మౌలిక వసతుల పథకంలోనూ క్రిటికల్ కేర్ బ్లాకులు, ల్యాబులదే పెద్దపీట. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. అయితే కర్నూలు జిల్లా మంత్రాలయంలోనో కోసిగిలోనో మనిషికి ఒళ్లు కాలితే మొదటి రోజు బజారులో ఉన్న క్లినిక్కుకే పోతాడు. ఆ క్లినిక్కులో కూర్చున్న డాక్టరుకు ఏ వ్యాధి ఎక్కడిదాకా వచ్చిందో ఎవరు చెప్పారు, ఆయన ముక్కుకు మాస్కు ఎవరిచ్చారు, ఆయనకేమైనా అయితే ఇంట్లోవాళ్లను ఎవరు చూస్తారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని సన్నద్ధత సన్నద్ధతే కాదు.

ఎవరూ పట్టించుకోని ఒక అంకె ఉంది. 2020 ఆగస్టులో భారత వైద్య సంఘం ప్రధానమంత్రికి లేఖ రాసింది. అప్పటికి కొవిడ్‌తో చనిపోయిన డాక్టర్లు 196 మంది. వారిలో 170 మంది యాభై ఏళ్లు దాటినవారు. సుమారు 40 శాతం మంది జనరల్ ప్రాక్టీషనర్లు. నూటికి నలభై మంది! వీళ్లు వెంటిలేటర్ల వార్డుల్లో పనిచేసేవాళ్లు కాదు. చిన్న గదిలో, బల్లకు అటూ ఇటూ కూర్చుని, రోగి దగ్గుతుంటే గుండెల మీద స్టెతస్కోపు పెట్టి చూసేవాళ్లు. ఆ తర్వాత ఇన్నేళ్లుగా ఎన్ని సమీక్షలు జరిగినా, ఎన్ని సంపాదకీయాలు వచ్చినా, ఆ నలభై శాతం మంది ఎందుకు పోయారన్న మాట మీద చర్చ నిలబడింది లేదు.

మన కర్నూలుకు ఇది వేరేవాళ్ల సంగతి కాదు. రెండు రూపాయల డాక్టరుగా జనం చెప్పుకున్న కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ 2020 ఏప్రిల్ 14న చనిపోయారు. ఆయనకు 76 ఏళ్లు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, ఆ తర్వాత సొంత ఆస్పత్రిలో పేదలను చూసుకుంటూ గడిపిన మనిషి. ఆయనకు వైరస్ సోకిందన్న సంగతి చనిపోయాక గానీ తేలలేదు. ఆ నెలాఖరుకు రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లా కర్నూలే. ఏ వీధిలో కేసు వచ్చిందో కంటైన్‌మెంట్ జోన్ ప్రకటించాకే ఊరందరితో పాటు క్లినిక్కు డాక్టరుకూ తెలిసేది. అప్పటికి ఆ వీధి రోగులు ఆయన ముందు కూర్చుని లేచి వెళ్లిపోయి ఉండేవారు.

కబురు కింది నుంచి పైకి మాత్రం బాగానే పోయింది. జ్వరం, దగ్గు మందులు కొన్నవారి వివరాలు నమోదు చేయమని మందుల షాపులకు ఆ ఏప్రిల్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం యాప్ ఇచ్చింది. వ్యాధుల నిఘా వ్యవస్థ డాక్టర్ల నుంచి ఫారాలు అడుగుతూనే ఉంటుంది. ఆ ఫారం పంపిన డాక్టరుకు, నీ మండలంలో పరిస్థితి ఇది, జాగ్రత్త అని తిరిగి ఒక్క మాట అందేది అరుదు. చికిత్స సంగతీ అంతే. హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడమన్నారు, ఐవర్‌మెక్టిన్ అన్నారు, ప్లాస్మా అన్నారు. 2021 మే నెలలో ప్లాస్మాను, ఆ తర్వాత మిగతా రెండింటినీ చికిత్స జాబితాలోంచి తీసేశారు. విజ్ఞానం మారినప్పుడు సలహా మారడంలో తప్పులేదు. మారిన సలహా ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఉన్న డాక్టరుకు వాట్సాప్ ఫార్వర్డుగానో, టీవీ స్క్రోలింగుగానో అందడమే తప్పు.

మంత్రాలయం చూడండి. తుంగభద్ర దాటితే కర్ణాటకలోని రాయచూరు జిల్లా. రాఘవేంద్రస్వామి దర్శనానికి కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల నుంచి జనం వస్తారు. ఇక్కడి పల్లెలు పొట్టచేత పట్టుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతాయి. 2020 లాక్‌డౌన్‌లో ఆ కూలీలు అక్కడే చిక్కుకుని తర్వాత ఇళ్లకు చేరారు. అదే ఏడాది నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా తుంగభద్ర పుష్కరాలు. ఇలాంటి చోట డాక్టరుకు కర్నూలు సంగతి ఒక్కటే తెలిస్తే చాలదు, రాయచూరులో ఏముందో, గుంటూరులో ఏముందో కూడా తెలియాలి. రెండు రాష్ట్రాల అధికారులు మాట్లాడుకుని ఆయనకు రోజూ నాలుగు వాక్యాలు తెలుగులో పంపడానికి ఎన్ని కోట్లు కావాలి?

కొవిడ్ కాలంలో ప్రైవేటు డాక్టర్లలో షట్టర్లు దించేసినవారు ఉన్నారు, జనాన్ని పిండినవారూ ఉన్నారు. వారిపై చర్య తీసుకోవాల్సిందే. కానీ ఆ పేరు చెప్పి తెరిచి కూర్చున్నవారిని వదిలేయడం న్యాయం కాదు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో జబ్బు చేసినవారిలో ప్రభుత్వాసుపత్రికి పోయింది 30 శాతం, ప్రైవేటు డాక్టరు దగ్గరికో క్లినిక్కుకో పోయింది 43 శాతం. వారిని పక్కన పెట్టి మహమ్మారిని పట్టుకుంటామనడం కుదరని పని.

క్లినిక్కు డాక్టర్లను కలుపుకొని పోవడం ఎలాగో సింగపూర్ చేసి చూపించింది. 2003 సార్స్ దెబ్బ తిన్న ఆ దేశం వీధి క్లినిక్కులను ముందే ఒక జట్టుగా కట్టింది. 2020 ఫిబ్రవరిలో ఆ జట్టును రంగంలోకి దించింది. రోగి కట్టే ఫీజులో ప్రభుత్వమే సాయం చేసింది, రక్షణ సామగ్రి తన నిల్వల్లోంచి ఇచ్చింది. మన దగ్గర అదే ఏడాది ఏప్రిల్‌లో మాస్కులు లేవన్న నర్సీపట్నం ప్రభుత్వ డాక్టరును సస్పెండ్ చేశారు. అడిగినవాడికి ఆ గతి పడితే ఇక అడిగేదెవరు?

చనిపోయినవారినైనా సరిగా లెక్కపెట్టామా? 2021 ఫిబ్రవరిలో కేంద్రం రాజ్యసభకు చెప్పింది 162 మంది డాక్టర్లని. వైద్య సంఘం జాబితాలో ఉన్నది 734 మంది. తేడా 572. యాభై లక్షల బీమా ప్రకటించారు గానీ, ప్రైవేటు డాక్టర్లలో ప్రభుత్వం విధుల్లోకి తీసుకున్నవారికే వర్తిస్తుందని మెలిక పెట్టారు. నవీ ముంబయిలో క్లినిక్కు తెరవకపోతే కేసు పెడతామని కార్పొరేషన్ 2020 మార్చి 31న నోటీసు ఇచ్చింది. తెరిచి రోగులను చూసిన ఒక డాక్టరు జూన్‌లో చనిపోతే, ఆయనను విధుల్లోకి పిలవలేదు పొమ్మని ఆ కుటుంబానికి బీమా నిరాకరించారు. బాంబే హైకోర్టులోనూ వారికి న్యాయం దక్కలేదు. చట్టప్రకారం ఆ డాక్టర్ల సేవలను ప్రభుత్వం కోరినట్టేనని సుప్రీంకోర్టు తేల్చడానికి 2025 డిసెంబరు దాకా పట్టింది. తెరవకపోతే నేరం, తెరిచి చనిపోతే అనర్హత! ఇంతకన్నా సిగ్గుమాలిన విధానం ఉంటుందా?

జిల్లా వైద్యాధికారి కార్యాలయంలో ప్రతి క్లినిక్కు డాక్టరు ఫోన్ నంబరూ ఉండాలి. ఆయన ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండాలి. మాస్కుల నిల్వలో క్లినిక్కుల వాటా ముందే రాసిపెట్టాలి. క్లినిక్కు తెరవమని ఆదేశించిన రోజు నుంచే బీమా దానంతటదే అమల్లోకి రావాలి, కోర్టు మెట్లు ఎక్కే పని ఉండకూడదు. జిల్లా సన్నద్ధత కమిటీలో పల్లె, పట్టణ క్లినిక్కుల డాక్టర్లను కూర్చోబెట్టాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త భవనం అక్కర్లేదు. వచ్చే మహమ్మారి లోపు ఇవి చేయకపోతే, చనిపోయే డాక్టర్లలో నూటికి నలభై మంది మళ్లీ ఆ చిన్న గదుల వాళ్లే అవుతారు. ఈసారి తెలియదని చెప్పే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.