గెలుపు ఒకరిది, సొమ్ము ఇద్దరిది: పూల్ ఫైనళ్లలో లోపాయికారీ పంపకాలు

ప్రొఫెషనల్ పూల్‌లో కొన్ని ఫైనళ్లకు ముందు ఇద్దరు ఆటగాళ్లు బల్ల దగ్గరకు రాకమునుపే ఒక మాట అనుకుంటారు. ఎవరు గెలిచినా మొదటి బహుమతినీ రెండవ బహుమతినీ ఒకచోట కలిపి చెరిసగం తీసుకోవాలన్నదే ఆ మాట. దానికి కాగితం ఉండదు, సాక్షి ఉండడు. ట్రోఫీ ఒకరు ఎత్తుకుంటారు, చెక్కు మీద పెద్ద మొత్తం పక్కన ఒకరి పేరే ఉంటుంది. అసలు లెక్క ఆ తర్వాత తేలుతుంది. అమెరికా పూల్ వర్గాల్లో దశాబ్దాలుగా ఇది బహిరంగ రహస్యం. టికెట్టు కొని లోపలికి వచ్చిన ప్రేక్షకుడికీ, ఇంట్లో కూర్చుని ప్రసారం చూసే వీక్షకుడికీ మాత్రమే ఆ సంగతి తెలియదు.

ఈ ఒప్పందాల్లో రెండు రకాలున్నాయి. మొదటిది పూర్తి పంపకం: రెండు బహుమతుల మొత్తాన్ని సమానంగా పంచుకోవడం. రెండవదాన్ని ‘సేవర్’ అంటారు. ఇందులో గెలిచినవారు ఓడినవారికి ముందే అనుకున్న ఒక చిన్న మొత్తం ఇస్తారు. చాలామంది ఆటగాళ్ల దృష్టిలో సేవర్ అంటే బీమా వంటిదే తప్ప మోసం కాదు. తెలుగులో ఇటువంటి వాటికి రెండు మాటలున్నాయి. అందరికీ తెలిసి కలిస్తే పొత్తు, ఎవరికీ తెలియకుండా కలిస్తే కుమ్మక్కు. పూల్ ఆటగాళ్లు తమది పొత్తు అంటారు. దాన్ని దాచవలసి వస్తోందంటేనే అది రెండవ మాటకు దగ్గరైందని అర్థం.

ఆటగాళ్ల వాదనను కొట్టిపారేయడానికి ముందు బహుమతుల లెక్క చూడాలి. 2024 జూన్‌లో సౌదీ అరేబియాలోని జెడ్డాలో జరిగిన ప్రపంచ పూల్ చాంపియన్‌షిప్ మొత్తం బహుమతి నిధి 10 లక్షల డాలర్లు. విజేతకు 2,50,000 డాలర్లు, రన్నరప్‌కు 1,00,000 డాలర్లు. ఫైనల్లో ఫెదోర్ గోర్స్ట్ 15-14 తేడాతో ఎక్లెంట్ కాచిని ఓడించారు. 28 ర్యాక్‌లు ముగిసేసరికి ఇద్దరూ సమానం. మిగిలిన ఒక్క ర్యాక్ విలువ 1,50,000 డాలర్లు. ఇది ఆ ఇద్దరి వైపు వేలెత్తి చూపడానికి చెబుతున్నది కాదు. ఒక్క ర్యాక్ మీద ఎంత బరువు పెడుతున్నారో చెప్పడానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

పైగా వారు ఆడినది నైన్‌బాల్. ఇది స్నూకర్‌కు చుట్టమే గాని, స్వభావం వేరు. బల్ల మీద మిగిలినవాటిలో అతి చిన్న అంకె బంతిని ముందుగా తాకాలి. 9వ బంతిని నియమం ప్రకారం పాకెట్‌లో వేసినవారిది ఆ ర్యాక్. ఒక బంతిని తాకించి దాని ద్వారా 9వ బంతి పడినా చెల్లుతుంది. బ్రేక్ బాగా కుదిరితే ప్రత్యర్థి కుర్చీలోంచి లేవకుండానే ర్యాక్ ముగుస్తుంది. బ్రేక్‌లో బంతులు ఎటు చెదురుతాయో ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు. సుదీర్ఘ పోటీలో నైపుణ్యమే నిలుస్తుంది. ఆఖరి ఒక్క ర్యాక్‌లో అదృష్టానికి ఉన్న వాటా తక్కువేమీ కాదు. నెలల తరబడి సొంత ఖర్చుతో ప్రయాణిస్తూ, ప్రవేశ రుసుములు కట్టుకుంటూ వచ్చిన మనిషి, ఆ అదృష్టం మీద ఏడాది సంపాదనను వదిలేయడానికి వెనుకాడటం మానవ సహజం.

అందులోనూ చెక్కు మీద కనిపించే మొత్తం ఆటగాడి జేబులోకి అలాగే వెళ్లదు. పూల్‌లో చాలామందికి వెనుక ఒక పెట్టుబడిదారు ఉంటారు. ఖర్చులు ఆయన భరిస్తారు, గెలుపులో వాటా ఆయనకు వెళ్తుంది. విదేశీ ఆటగాడు అమెరికాలో గెలిస్తే, మినహాయింపు ఒప్పందాలేవీ వర్తించని పక్షంలో, 30 శాతం పన్ను ముందే కోతపడుతుంది. ఇక బహుమతి చేతికి వస్తుందన్న నమ్మకం కూడా ఈ క్రీడలో ఎల్లప్పుడూ లేదు. 2006లో టీవీ ప్రకటనల వ్యాపారి కెవిన్ ట్రూడో ప్రారంభించిన ఇంటర్నేషనల్ పూల్ టూర్, రీనో నగరంలో అప్పటివరకు పూల్ ఎరుగని బహుమతులతో పోటీ నిర్వహించింది. ఫిలిప్పీన్స్ దిగ్గజం ఎఫ్రెన్ రేయెస్ గెలిచారు. మొదటి బహుమతి 5,00,000 డాలర్లు. పోటీ ముగిశాక నిర్వాహకులు డబ్బు సకాలంలో చెల్లించలేకపోయారు; ఆటగాళ్లు వాయిదాల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆ టూర్ నిలబడలేదు. అటువంటి అనుభవాలున్న వృత్తిలో తోటి ఆటగాడి మాట, నిర్వాహకుడి ప్రకటన కంటే గట్టిదిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఇంతవరకే చూస్తే సగమే చూసినట్టు. ఫైనల్లో పూర్తి పంపకం జరిగితే ఇద్దరికీ ట్రోఫీ, ర్యాంకింగ్, ప్రతిష్ఠ మిగిలే ఉంటాయి కాబట్టి మనస్ఫూర్తిగానే ఆడతారని సమర్థకులు అంటారు. చాలా సందర్భాల్లో అది నిజమే కావచ్చు. ప్రేక్షకుడికి అమ్మింది మాత్రం వేరే వస్తువు. వ్యాఖ్యాత గొంతు తగ్గించి ‘ఈ బంతి విలువ లక్షన్నర డాలర్లు’ అంటాడు. కెమెరా ఆటగాడి వేళ్ల వణుకును వెతుకుతుంది. పంపకం జరిగిపోయి ఉంటే ఆ బంతి విలువ డబ్బులో సున్నా. ఆట నిజమైనదే అయినా, ప్రకటించిన పందెం నిజం కాదు.

అసలు ప్రమాదం ఫైనల్ కంటే ముందు రౌండ్లలో ఉంది. పూల్ పోటీలు తరచూ డబుల్ ఎలిమినేషన్ పద్ధతిలో సాగుతాయి. ఒకసారి ఓడినవారు రెండవ వరుసలో ఆడుతూ మళ్లీ పైకి రావచ్చు, రెండవసారి ఓడితే ఇంటికి వెళ్లాలి. కలిసి ప్రయాణించే నలుగురు మిత్రులు తమలో ఎవరు గెలిచినా వాటా పంచుకోవాలని అనుకున్నారనుకుందాం. వారిలో ఇద్దరు ముందే ఎదురుపడితే, ఆ రోజు ఫామ్‌లో ఉన్నవాడు ముందుకు వెళ్లడమే నలుగురికీ లాభం. బలహీనుడు ఓడిపోవడానికి ఎవరూ లంచం ఇవ్వనక్కరలేదు. లెక్కే ఆ పని చేస్తుంది. బీమాగా మొదలైన మాట ఇక్కడ ఫలితాన్ని తాకుతుంది. ఫైనల్లో పంపకానికీ మ్యాచ్ ఫిక్సింగ్‌కూ మధ్య గోడ ఉందని చెప్పేవారు ఈ మెట్టు దగ్గర సమాధానం చెప్పలేరు.

నష్టపోయేవారిలో మరో వర్గం ఉంది. దాని పేరు భారతీయ పాఠకులకు ఆసక్తి కలిగించక మానదు. అమెరికా పూల్ పోటీలకు ముందు ఆటగాళ్లను వేలం వేసే ఆచారాన్ని ‘కలకత్తా’ అంటారు. బ్రిటిష్ పాలనలో ఆ నగరపు గుర్రప్పందాల లాటరీల నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు. పాడుకున్నవారికి ఆ ఆటగాడు ఉత్తమ స్థానాల్లో నిలిస్తే నిధిలోంచి వాటా వస్తుంది. ఆటగాడు తన మీద తానే సగం కొనుక్కోవచ్చు కూడా. అంటే బల్ల దగ్గరి ఇద్దరి వెనుక వారి గెలుపు మీద సొంత డబ్బు పెట్టిన కొనుగోలుదారులుంటారు. ఆ ఇద్దరూ రాజీపడ్డ సంగతి వారికి తెలియదు. గోల్ఫ్ ఈ చేదును ముందే చవిచూసింది. 1955లో న్యూయార్క్ సమీపంలోని డీప్‌డేల్ క్లబ్‌లో నకిలీ హ్యాండిక్యాప్‌లతో ఆడినవారు కలకత్తా నిధిని కొల్లగొట్టాక అమెరికా గోల్ఫ్ సంఘం ఆ వేలాలకు వ్యతిరేకంగా నిలిచింది. పూల్‌లో అవి ఇంకా బతికే ఉన్నాయి.

దాపరికం ఆటగాళ్లకే పరిమితమని అనుకోవడం పొరపాటు. 1970ల్లో అమెరికా టీవీ సంస్థ సీబీఎస్, జిమ్మీ కానర్స్ టెన్నిస్ సవాలు పోటీలను ‘గెలిచినవారికే అంతా’ అని ప్రచారం చేసి ప్రసారం చేసింది. 1977 మార్చిలో ప్యూర్టోరికోలో ఇలీ నస్టాసేతో జరిగిన పోటీకి ప్రకటించిన పందెం 2,50,000 డాలర్లు. వాస్తవంలో కానర్స్‌కు 5,00,000, ఓడిన నస్టాసేకు 1,50,000 డాలర్లు అందాయి. ఓడినవారికి ఏమీ రాదన్న మాట పచ్చి అబద్ధమన్నమాట. ఈ సంగతి బయటపడ్డాక ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ విచారణ జరిపింది. సీబీఎస్ ప్రసారంలోనే క్షమాపణ చెప్పింది. దాని లాస్ ఏంజిలిస్ స్టేషన్ లైసెన్సును స్వల్ప కాలానికే పునరుద్ధరించారు. క్రీడా విభాగానికి నేతృత్వం వహించిన రాబర్ట్ వుస్లర్ 1978లో వైదొలిగారు. ఇక్కడ నియంత్రణ సంస్థ శిక్షించింది ప్రేక్షకుడికి అబద్ధం చెప్పినవారిని. ఆటగాళ్లు ఎంత తీసుకున్నారన్నది దానికి ముఖ్యం కాలేదు. పురుషుల టెన్నిస్‌లో బహుమతుల పంపకం ఎలా సాగిందో 1983లో మైకేల్ ముషా ‘షార్ట్ సర్క్యూట్’ పుస్తకంలో రాసినప్పుడు ఆ క్రీడాపెద్దలు ఇబ్బంది పడ్డారు. వారికి కోపం తెప్పించింది పంపకం కంటే అది అచ్చులోకి రావడమే కావచ్చు.

బహిరంగంగా పంచుకుంటే సమస్య తీరుతుందా? 2024 డిసెంబర్ 31న న్యూయార్క్‌లో ఈ ప్రశ్న చదరంగాన్ని పట్టుకుంది. అంతకు మూడు రోజుల ముందు అదే వేదికపై కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్‌ను రెండవసారి గెలుచుకున్నారు. ప్రపంచ బ్లిట్జ్ ఫైనల్లో మాగ్నస్ కార్ల్‌సన్, ఇయాన్ నెపోమ్నియాషీ 3.5-3.5తో నిలిచాక, టైటిల్ ఇద్దరికీ ఇవ్వాలని కార్ల్‌సన్ ప్రతిపాదించారు. ఫిడే అధ్యక్షుడు అర్కాడీ ద్వోర్కోవిచ్ అంగీకరించారు. నియమాల్లో అటువంటి వెసులుబాటు లేదు. ఒప్పుకోకపోతే చిన్న డ్రాలు ఆడుతూ పోదామని కార్ల్‌సన్ అంటున్న దృశ్యం తర్వాత బయటికి వచ్చింది. అది హాస్యానికన్న మాటేనని ఆయన వివరణ ఇచ్చారు. అదే పోటీలో మహిళల ఫైనల్ మాత్రం తేలేవరకు సాగింది. లీ టింగ్‌జీపై జు వెన్‌జున్ 3.5-2.5తో నెగ్గారు. ఆ ఇద్దరు మహిళలు ఎదుర్కొన్న ఒత్తిడి నుంచి పురుషులకు ఎందుకు విముక్తి కలిగించాలన్న ప్రశ్నకు ఫిడే దగ్గర గట్టి జవాబు కనిపించలేదు.

దీనికి పక్కన హైజంప్‌ను పెట్టి చూడాలి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ముతాజ్ బర్షిమ్, జియాన్‌మార్కో టాంబెరి స్వర్ణాన్ని పంచుకున్నారు. నియమం అనుమతించింది, అధికారి ఎదుటే మాట్లాడుకున్నారు, ప్రపంచం చూసింది. 2024లో పారిస్‌లో అదే అవకాశం హమీష్ కెర్, షెల్బీ మెక్‌ఈవెన్‌లకు వచ్చినా జంప్-ఆఫ్‌కే మొగ్గారు. కెర్ గెలిచారు. వరల్డ్ అథ్లెటిక్స్ ఆ ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రకటించిన 50,000 డాలర్ల బహుమతి స్వర్ణానికి మాత్రమే. మెక్‌ఈవెన్‌కు అందులోంచి ఏమీ రాలేదు. రెండు నిర్ణయాలనూ తప్పుపట్టలేం. ఏం జరుగుతోందో చూస్తున్నవారికి రెండు సందర్భాల్లోనూ తెలుసు.

పేకాట పోటీలు ఈ విషయంలో క్రీడాసంఘాల కంటే ముందున్నాయంటే కొందరికి రుచించకపోవచ్చు. పోకర్ టోర్నమెంట్లలో చివరికి మిగిలినవారు తమ చేతిలోని చిప్స్ ప్రకారం బహుమతిని పంచుకోవాలనుకుంటే, పలు నిర్వాహక సంస్థలు గడియారం ఆపి లెక్క కట్టి ఇస్తాయి. అందులో కొంత మొత్తాన్ని పక్కన పెట్టి విజేత కోసం ఆడించే పద్ధతి కూడా ఉంది. ఫలితాల పట్టికలో ఒప్పందం జరిగిందని రాస్తారు. పూల్‌కు ఇది అచ్చంగా అతకదు, ఎందుకంటే పోకర్ కంటే పూల్ ప్రేక్షకుల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కానీ నిషేధించి కళ్లు మూసుకోవడం కంటే ప్రకటించనివ్వడం మేలు.

ఎందుకంటే నిషేధాన్ని అమలు చేయడం దుస్సాధ్యం. ఇద్దరు మనుషుల మధ్య నోటిమాటను ఎవరు పట్టుకోగలరు? చట్టం సాయం కూడా పరిమితమే. కర్ణాటక ప్రీమియర్ లీగ్ క్రికెట్ కేసులో 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు, మ్యాచ్ ఫిక్సింగ్ శిక్షాస్మృతిలోని 420 సెక్షన్ కింద మోసం నేరం కాదని తీర్పు చెప్పింది. ప్రేక్షకులు టికెట్టు తమంతట తామే కొంటారు కాబట్టి వారిని ప్రేరేపించి డబ్బు ఇప్పించారనలేమన్నది తీర్పులోని తర్కం. దీన్ని ప్రత్యేక నేరంగా గుర్తించాలని లా కమిషన్ 2018లోనే తన 276వ నివేదికలో సిఫారసు చేసింది. ఫలితాన్నే అమ్ముకున్నా పరిస్థితి ఇదైతే, ఫలితాన్ని తాకకుండా సొమ్ము పంచుకున్నవారిని ఏ సెక్షన్ పట్టుకుంటుంది? పంచుకుంటానన్నవాడు మాట తప్పితే రెండవవాడు కోర్టుకు వెళ్లే దారీ సుగమం కాదు. ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందాలు చెల్లవని 1872 నాటి భారత కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. రహస్య పంపకం ఆ గాటన పడుతుందా లేదా అన్నది న్యాయమూర్తి తేల్చాలి.

కనుక తాళంచెవి నిర్వాహకుల దగ్గరే ఉంది. జెడ్డా బహుమతులను 2,50,000, 1,00,000గా కాక 1,90,000, 1,60,000గా విభజించినా మొత్తం ఖర్చు అంతే. అప్పుడు ఫైనలిస్టులు చాటుగా పంచుకోవడానికి మిగిలేది 30,000 డాలర్ల తేడా. అందుకోసం పేరును పణంగా పెట్టేవారు తగ్గుతారు. మొదటి బహుమతి అంకె పోస్టరు మీద అంత పెద్దగా కనిపించదన్నదొక్కటే నిర్వాహకులకు కష్టం. ప్రపంచ పూల్ చాంపియన్‌షిప్‌ను పదేళ్లపాటు సౌదీ అరేబియాలో నిర్వహించేందుకు మ్యాచ్‌రూమ్ సంస్థ ఆ దేశ సమాఖ్యతో ఒప్పందం చేసుకుంది. ఆ పదేళ్ల బహుమతుల పట్టికలో రెండవ వరుసలో ఏ అంకె ఉండాలో రాసే కలం వారి చేతిలోనే ఉంది.