రాజు అర్జీ పారిస్ దాకా పోయింది, మన అర్జీ ఎక్కడ ఆగింది?

ఏటా సెప్టెంబర్ 17 రాంగనే లొల్లి మొదలైతది. ఒకరు విమోచన అంటరు, ఒకరు విలీనం అంటరు, ఇంకొకరు దురాక్రమణ అంటరు. ములుగు మాల మాదిగ వాడల నుంచి, కోయ గూడేల నుంచి మేము అడిగేది వేరు: సైన్యం వచ్చినంక మన అర్జీ పట్టుకున్నదెవరు?

1948 ఆగస్టులోనే నిజాం సర్కారు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి భారత ప్రభుత్వం మీద ఫిర్యాదు పెట్టుకున్నది. పారిస్ పోయిన బృందంలో దళిత నాయకుడు బి. శ్యాంసుందర్ కూడా ఉన్నడు. సెప్టెంబర్ 13న సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 16న మండలి ఫిర్యాదు విన్నది. 17న నిజాం లొంగిపోయిండు. కొద్దిరోజులకే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నమని కబురు పంపిండు. తుపాకి ముందు రాజు కాయితమే నిలబడలేదు.

మరి వెట్టోని సంగతేంది? 1949 చివరిదాకా మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌదరి పాలన నడిచింది. రజాకార్ల పీడ పోయింది, మేము కాదనం. కానీ ఊరిడిచి పారిపోయిన దొరలు సైన్యం అండతోటే గడీలకు తిరిగొచ్చిండ్రు. సంఘం పంచిన భూములు గుంజుకున్నరు. గోదావరి అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టిండ్రు. ఆ బాధ ఎవరికి రాసుకోవాలె? రాసినా చదివేదెవరు?

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1948 డిసెంబర్ 9న, బాబాసాహెబ్ అంబేడ్కర్ రాజ్యాంగ సభలో ఒక మాట చెప్పిండు. హక్కు పోయినోడు నేరుగా సుప్రీంకోర్టుకు పోయే అధికరణమే రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్నడు. అదే ఇప్పటి 32వ అధికరణం. 350వ అధికరణం ఇంకో హక్కిచ్చింది: ఏ అధికారికైనా మన భాషలోనే అర్జీ పెట్టుకోవచ్చు. అయితే జవాబిచ్చి తీరాలని అందులో లేదు. ఆ సందులోనే మన కాయితాలు చెదలు పడుతున్నయి.

ములుగు 2019లో జిల్లా అయింది. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది, జవాబు మాత్రం దగ్గరికి రాలే. అందుకే సోమవారం ప్రజావాణికి ఒంటరిగా పోవద్దు, వాడంతా కలిసి పోవాలె. తెలుగులో రాయాలె, రశీదు లేకుండా కదలొద్దు. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మన అర్జీ ఏమైందని అడగాలె. దానికి 30 రోజుల గడువుంది.

అర్జీ అంటే బాంచెన్ అని కాళ్లు మొక్కుడు కాదు. మనం ఓటేసి నిలబెట్టిన సర్కారును లెక్క అడుగుడు. జై భీమ్!