దాచమన్నది మన నోళ్లే!



రేపల్లెలో పనిచేసే రోజుల్లో, పాఠం నడుస్తుండగా చక్కెర నోట్లో వేసుకున్న ఒక బాలికను నిలబెట్టి మందలించాను. చేతులు వణుకుతుంటే భయమనుకున్నాను. మరునాడు తండ్రి వచ్చి, “పిల్లకు షుగరండీ మాస్టారూ! నలుగురికీ తెలిస్తే పెళ్లి కాదని దాచామండీ” అన్నాడు. సిగ్గుతో తల వంచుకున్నాను.

దాచమన్నది ఎవరు? మనమే! తెనాలిలో పేరంటమైనా, బాపట్లలో పెళ్లయినా ఒకటే ప్రశ్న: “తీపి ఎక్కువ పెట్టారా?” అయ్యా, మొదటి రకం మధుమేహం తీపివల్ల రాదు. దేహరక్షణ వ్యవస్థే పొరబడి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఆకుపసరు ఇన్సులిన్‌కు బదులు కాదు. సూది మానితే ప్రాణగండం.

సూది వేసినా నిలకడ ఉండదు. అదే అన్నం, అదే మోతాదు. నిన్న 140, నేడు 260. జ్వరమూ, ఆటా, ఆందోళనా లెక్క తప్పిస్తాయి. 70కి దిగువకు జారితే తక్షణం 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, పావుగంటకు మళ్లీ పరీక్షించాలి. రోగం దాచిన చోట ఆ గ్లూకోజు అందించేదెవరు?

ఈ పిల్లలు పరీక్షగదిలోకి మిఠాయి, పండు, మంచినీళ్లు తెచ్చుకోవచ్చునని 2017లోనే సీబీఎస్‌ఈ అనుమతించింది. మన బళ్లలో ఎందరు అయ్యవార్లకు ఆ సంగతి తెలుసు?

క్రమశిక్షణ పేరిట బిడ్డ నోటి దగ్గరి చక్కెరను ఆపడం విద్య కాదు, హింస. ఆ తప్పు నేను చేశాను. మీరు చేయకండి.