మంచం ఉంది, మత్తు డాక్టరేరీ?

మా పెద్దమ్మ ఓపీ చీటీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని వెనక నీలి సిరాతో నాలుగు తేదీలు ఒకదాని కింద ఒకటి రాసి ఉంటాయి. మొదటి మూడూ కొట్టేశారు. పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న డెబ్బై ఆరేళ్ల మనిషి, ఉత్తరాంధ్రలోని ఒక సర్కారు ఆసుపత్రిలో పదమూడు రోజులు వెల్లకిలా పడుకుంది. కాలికి పట్టీ చుట్టి, దానికి తాడు కట్టి, మంచం చివర ఇసుక సంచి వేలాడదీశారు. పక్కకు ఒత్తిగిల్లడానికి లేదు. ఎముకల డాక్టరు ఉన్నారు, మంచివారు, రోజూ వచ్చి చూసేవారు. ఆపరేషన్ థియేటరూ ఉంది. దొరకనిదల్లా మత్తు డాక్టరు. ఉన్న ఒక్కరూ కాన్పుల ఆపరేషన్లకే చాలేవారు కారు. పైగా వారంలో మూడు రోజులు మరో ఆసుపత్రికి డెప్యుటేషన్. "అర్జెంటుగా సిజేరియన్ వచ్చిందండీ, అమ్మగారిది శుక్రవారం చూద్దాం" అని చెప్పేటప్పుడు నర్సమ్మ మా కళ్లలోకి చూడలేకపోయేది. కాన్పు కేసును ముందు తీసుకోవడం తప్పని నేనెప్పుడూ అనను. పద్నాలుగో రోజున విశాఖపట్నం రాసిచ్చేశారు. అప్పటికే పెద్దమ్మ నడుం కింద పుండు పడింది.

మన దగ్గర ఆసుపత్రి అంటే మంచాల లెక్క. ముప్ఫై పడకలు, వంద పడకలు, రెండొందల పడకలు అని శిలాఫలకం మీద చెక్కిస్తాం. 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా వెయ్యి మందికి 2 పడకలు ఉండాలనే చెప్పింది. పడకలు వద్దని ఎవరంటారు? కానీ పడక పక్కన ఎవరు నిలబడతారన్నది ఆ లెక్కలో కనబడదు. కేంద్రం వెలువరించిన 2021–22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం, దేశంలోని గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు (సీహెచ్‌సీ) కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత. సర్జన్ల కొరతైతే 83 శాతం. ముప్ఫై పడకల సీహెచ్‌సీలో సర్జను, ఫిజీషియను, కాన్పుల డాక్టరు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు ఉండాలని నిబంధన. ఈ అయిదుగురిలో మత్తు డాక్టరు ఒక్కరు లేకపోతే చాలు, సర్జను చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. అయినా కాగితం మీద ఆ ఆసుపత్రి ముప్ఫై పడకల ఆసుపత్రే.

ఈ కొరత అన్నిచోట్లా ఒకేలా ఉంటే దాన్ని పేదరికం అని సరిపెట్టుకోవచ్చు. ఒకేలా లేదు. ఇచ్ఛాపురం మనిషికి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) రెండొందల కిలోమీటర్లకు పైనే. అందుకే అక్కడివాళ్లు చాలామంది దగ్గరలో ఉన్న ఒడిశా బరంపురం వెళ్లి, ఒడియాలో రోగం చెప్పుకుంటారు. 1923 నాటి కేజీహెచ్ మీద శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మన్యం, అవతల కోరాపుట్, రాయగడ వైపు జనం కూడా ఆధారపడతారు. పార్వతీపురం, సీతంపేట కొండల మీద డోలీతో మొదలైన ప్రయాణం 108లోకి మారి, మధ్యలో రెండు ఆసుపత్రుల్లో 'రిఫర్' రాయించుకుని విశాఖలో ఆగుతుంది. తెలంగాణలోనూ అంతే. ఆదిలాబాద్ మనిషి పెద్ద జబ్బు చేస్తే మూడొందల కిలోమీటర్లు వచ్చి గాంధీ, ఉస్మానియా, నిమ్స్ గుమ్మాల్లో నిలబడతాడు. మూడూ హైదరాబాద్‌లోనే.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. అది పేదవాడి వైద్యానికి డబ్బు కట్టింది గానీ అతని ఊరికి సర్జన్ను తేలేకపోయింది. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకుని వెళ్లవలసిన పెద్ద ఆసుపత్రులు ఎక్కువగా విశాఖ, విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ వంటి నగరాల్లోనే గుమిగూడాయి. ఆపరేషన్ ఉచితమే. తోడు వెళ్లినవాడి కూలి పోతుంది, బస్సు చార్జీలు అవుతాయి, వరండాలో పడక, హోటల్ అన్నం. వాటికి కార్డు లేదు.

ఇక ఎదురుచూపు సంగతి. అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇంగ్లండ్‌లో ఆపరేషన్లకు, స్పెషలిస్టు వైద్యానికి ఎదురుచూసే కేసుల సంఖ్య 2022లో 70 లక్షలు దాటింది. మన తెలుగు డాక్టర్లు ఎందరో పనిచేసే దేశం అది. అంత పెద్ద వరుస ఉండటం అక్కడి ప్రభుత్వానికి పరువు తక్కువే. కానీ ఆ సంఖ్యను ప్రతి నెలా ఆసుపత్రులవారీగా, విభాగాలవారీగా వాళ్లే బయటపెడతారు. 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలన్నది అక్కడి గడువు. తుంటి ఎముక విరిగిన వృద్ధులకు 36 గంటల్లోపు ఆపరేషన్ చేయడం వంటి ప్రమాణాలు పాటిస్తే ఆసుపత్రికి అదనంగా చెల్లించే పద్ధతి 2010లో వచ్చింది. ఏ ఆసుపత్రి ఎంతమందికి ఆ వేళకు చేసిందో ఎవరైనా చూసుకోవచ్చు. 36 గంటలన్న ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు, పెద్దమ్మ మంచానికి వేలాడిన ఇసుక సంచి గుర్తొచ్చి నాకు కన్నీళ్లు ఆగలేదు.

మన దగ్గర మామూలు ఆపరేషన్లకు బయటపెట్టే వెయిటింగ్ లిస్టు లేదు. ఓపీ చీటీ వెనక తేదీ ఉంది, "వచ్చే సోమవారం రండి" ఉంది. నేను తిరిగిన జిల్లా ఆసుపత్రుల్లో ఏ గోడ మీదా, ఎంతమంది ఏ ఆపరేషన్ కోసం ఎన్ని రోజులుగా ఆగి ఉన్నారో రాసి ఉండగా చూడలేదు. లెక్కే లేనప్పుడు శ్రీకాకుళంలో ఎన్నాళ్లు ఆగాలి, గుంటూరులో ఎన్నాళ్లు అని ఎలా పోల్చడం? సీట్ల కోసం, ఉద్యోగాల కోసం ప్రాంతాల వాటా లెక్కగట్టి ఉద్యమాలు చేసినవాళ్లం మనం. 1973 ఆరు సూత్రాల పథకం, ఆ వెనక రాజ్యాంగంలో 371-డి అధికరణ అలా వచ్చినవే. వైద్య విద్యలో 85 శాతం సీట్లు స్థానికులకని గట్టిగా అడిగి సాధించుకున్నాం. అలా చదువుకున్న డాక్టరు చివరికి ఏ ప్రాంతంలో కత్తి పట్టాడన్నది మాత్రం అడగలేదు.

లిస్టు పెట్టడం చేతకాని పనేం కాదు. అవయవ మార్పిడికి జీవన్‌దాన్ పథకం పదేళ్లకు పైగా అదే చేస్తోంది. కిడ్నీ కావలసినవారు పేరు నమోదు చేసుకుంటారు, వరుసకూ కేటాయింపుకూ నియమాలున్నాయి. కిడ్నీకి ఉన్న వరుస హెర్నియాకు, గర్భసంచికి, విరిగిన తుంటికి ఎందుకు ఉండకూడదు?

డాక్టర్లను తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మన్యంలో పోస్టింగ్ ఇచ్చి, క్వార్టర్ ఇవ్వక, పిల్లలకు బడి లేక, తోడు మరో డాక్టరు లేక, ఇరవై నాలుగు గంటలూ ఒక్కరినే ఫోనుకు కట్టేస్తే ఎవరు నిలుస్తారు? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) కొన్నేళ్లు చేసినవారికి పీజీ సీట్లలో కోటా ఇస్తే పల్లెకు వెళ్లడానికి కారణం ఉంటుంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ కోటా తగ్గించినప్పుడు పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగింది అందుకే. వారి పక్షాన మాట్లాడవలసింది మనమే. అలాగే ఎంబీబీఎస్ డాక్టర్లకు కొన్ని వారాల్లో కాన్పు ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం నేర్పే కేంద్ర ప్రభుత్వ శిక్షణ ఉంది. ప్రతి మన్యం ఆసుపత్రికీ అలాంటివారు ఇద్దరుంటే, అర్జెంటు సిజేరియన్ కోసం ఎముకల ఆపరేషన్ వాయిదా వేసే అవస్థ చాలావరకు తీరుతుంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. ఎన్నో ఏళ్ల కన్నీళ్ల తర్వాత వచ్చిన ఆసుపత్రి అది. ఇకపై అక్కడైనా, ఆసిఫాబాద్‌లోనైనా, పాడేరులోనైనా థియేటర్ బయట ఒక తెల్లబోర్డు పెట్టించండి. ఏ ఆపరేషన్‌కు ఎంతమంది ఆగి ఉన్నారు, అందరికన్నా ఎక్కువ రోజులుగా ఆగినవారికి ఎన్ని రోజులైంది, మత్తు డాక్టరు ఈ వారం ఏయే రోజుల్లో ఉంటారు. పేర్లు అక్కర్లేదు. ఈ మూడు వరుసలు రోజూ సాయంత్రం నవీకరిస్తే చాలు. ఆరోగ్య మంత్రులకు, కలెక్టర్లకు, సూపరింటెండెంట్లకు చేతులెత్తి అడుగుతున్నాను. ఒక బోర్డు, ఒక మార్కర్ పెన్ను. రేపు ఉదయమే మొదలుపెట్టవచ్చు.