ఆలస్యమైన సంతకం

శ్రావణమాసంలో రెండో శుక్రవారం వీలు కాకపోతే వరలక్ష్మీ వ్రతం మరో శుక్రవారం చేసుకుంటాం. పుణ్యమేమీ తగ్గిపోదు. నాన్నగారి షష్టిపూర్తి నెల అటో ఇటో అయినా వచ్చినవాళ్లు అక్షింతలు వేయక మానరు. పండుగ ఆలస్యమైతే సర్దుకోవచ్చు. సంఘాల పండుగలూ అంతే.

ఇంగ్లండులో లివర్‌పూల్ అని పెద్ద ఓడరేవు పట్నం ఉంది. దివాలా తీసిన వ్యాపారుల ఆస్తులను చక్కబెట్టే పని లెక్కలు తెలిసినవాళ్ల చేతికి వచ్చేలా అక్కడ 1869లో ఒక చట్టం చేశారు. లెక్కలు వచ్చినవాళ్లూ, వచ్చని చెప్పుకునేవాళ్లూ అందరూ బోర్డులు పెట్టేశారు. అసలైనవాళ్లెవరో జనానికి తెలియాలి కదా! అందుకని లివర్‌పూల్ అకౌంటెంట్లు 1870లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లండులో ఆ వృత్తికి అదే మొదటి సంఘం. దానికి 2020లో 150 ఏళ్లు నిండాయి. సరిగ్గా ఆ ఏడే కరోనా వచ్చిపడింది. మార్చిలో తలుపులన్నీ మూసేశారు. ఆ ఏడు పుట్టినరోజు పడ్డ ఎన్నో సంఘాలకు 'తర్వాత చూద్దాంలే' అనుకోక తప్పలేదు.

లెక్కలవాళ్ల పండుగతో మనకేం పని అంటారా? ఉంది. ఆ 2020 మరో లెక్కకు నూరో ఏడు. ఆ లెక్క మనది.

లివర్‌పూల్ సంఘమూ, దాని తర్వాత పుట్టిన మరో నాలుగు సంఘాలూ కలిసి 1880లో రాణిగారి సన్నదుతో ఒకే ఇన్‌స్టిట్యూట్‌గా ఏర్పడ్డాయి. 'చార్టర్డ్ అకౌంటెంట్' అన్న పేరుకు అక్కడ అంత విలువ రావడానికి ఆ సన్నదే కారణం. అప్పటికే లండన్‌లో మేరీ హారిస్ స్మిత్ అనే ఆమె లెక్కల పనిలో ఆరితేరింది. కొన్నాళ్లకు సొంతంగా ఆఫీసు కూడా తెరిచింది. పనిలో ఆమెకు వంక పెట్టినవాళ్లు లేరు. 1891లో ఆమె ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యత్వం అడిగింది. కుదరదన్నారు. ఎందుకట? సన్నదులో 'అతడు' అని రాసి ఉంది, 'ఆమె' అని లేదట! కూడికలో తప్పుందనలేదు, ఆడిట్‌లో లోపముందనలేదు. ఒక్క సర్వనామం అడ్డం వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. మగవాళ్లు సైన్యంలోకి వెళితే ఆఫీసుల్లో ఖాళీ అయిన కుర్చీల్లో ఆడవాళ్లు కూర్చుని పని చేసి చూపించారు. ఆడదన్న కారణంతో ఎవరినీ వృత్తులకు దూరం పెట్టకూడదని 1919లో చట్టం వచ్చింది. 1920 మేలో మేరీకి సభ్యత్వం ఇచ్చారు. ప్రపంచంలోనే మొదటి మహిళా చార్టర్డ్ అకౌంటెంట్ అని ఇప్పుడు ఆమెను గొప్పగా చెప్పుకుంటారు. కానీ ఆ రోజుకు ఆమె వయసెంతో తెలుసా? డెబ్భై ఐదేళ్లు! మనవల్ని ఆడించుకునే వయసులో ఆమెకు సంతకం పెట్టే హక్కు దక్కింది.

నూట యాభయ్యో పండుగ ఏడాది వెనక్కి జరిగితే ఎవరికీ నష్టం లేదు. ఒక మనిషికి రావలసినది ముప్ఫై ఏళ్లు వెనక్కి జరిగితే ఆ ముప్ఫై ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

అక్కడిదాకా ఎందుకు, మన పొరుగునే చూడండి. మద్రాసులో ఆర్. శివభోగం అనే యువతి స్వాతంత్ర్య పోరాటంలో ఏడాదిపాటు జైలుకు వెళ్లారు. తర్వాత పట్టుబట్టి చదివి 1933లో అకౌంటెన్సీ డిప్లొమా సాధించారు. తీరా ప్రాక్టీసు పెట్టుకోబోతే, జైలుకు వెళ్లినవాళ్లకు వీల్లేదని నిబంధన చూపించారు. ఆమె కోర్టుకెక్కి గెలిచి, 1937లో సొంత ప్రాక్టీసు మొదలుపెట్టారు. మన దేశంలో మొదటి మహిళా చార్టర్డ్ అకౌంటెంట్ ఆమే. 1955 నుంచి 1958 వరకు ఇన్‌స్టిట్యూట్ దక్షిణ భారత మండలికి అధ్యక్షత వహించారు. మన తెలుగు జిల్లాల ఆడిటర్లందరూ ఆ మండలి కిందికే వస్తారు. పరీక్షలో ముందు నిలిచిన అమ్మాయికి బహుమతి ఇచ్చే ఏర్పాటు కూడా ఆమె చేశారు. తాను దాటిన గడప మరొకరికి అడ్డం కాకూడదని ఆమె తపన!

మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ 1949 జూలై 1న పుట్టింది. 2024లో 75 ఏళ్ల పండుగ చేసుకుంది. ఇప్పుడు సభ్యుల్లో నూటికి ముప్ఫై మంది దాకా ఆడవాళ్లే. సంతోషం. కానీ ఆ 75 ఏళ్లలో అధ్యక్షస్థానంలో ఒక్క మహిళా కూర్చోలేదు. ఇంగ్లండులో కూడా ఆ కుర్చీ ఒక మహిళకు దక్కడానికి 1880 నుంచి 1999 దాకా పట్టింది. ఆలస్యం ఎక్కడైనా ఆలస్యమే.

మరి మన ఇళ్లలో జరుగుతున్న ఆలస్యం సంగతేమిటి? అమ్మాయి సి.ఏ. ఇంటర్ పాసై ఆర్టికల్‌షిప్‌లో ఉంటుంది. మంచి సంబంధం వస్తుంది. "ఫైనల్ పరీక్షదేముంది, పెళ్లయ్యాక రాసుకుంటుందిలే" అంటాం. పెళ్లయ్యాక కాపురం, ఆ తర్వాత పురుడు, ఆపై పాప బడి. పుస్తకాలు అటక మీదికెక్కుతాయి. ఆర్టికల్‌షిప్ ఇదివరకు మూడేళ్లుండేది, 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో రెండేళ్లే. రెండేళ్లు ఆగలేని సంబంధం అంత గొప్ప సంబంధమా, అమ్మలూ ఆలోచించండి.

చదువుకునే వయసు దాటిపోయిన మన సంగతో? పాలవాడి లెక్క, చీటీ పాట లెక్క, డ్వాక్రా గ్రూపు పొదుపు లెక్క... పైసా తేడా రానివ్వం. అదే బ్యాంకు కాగితాలు ముందు పెట్టి "ఇక్కడో సంతకం పెట్టవోయ్" అని ఆయన అంటే, చేతిలో గరిటె పక్కన పెట్టి చదవకుండా పెట్టేస్తాం. ఆ సంతకం బరువెంతో తెలుసా? 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, మన పేరు భాగస్వామిగా ఉన్నంతకాలం సంస్థ అప్పు మొత్తానికి మనమూ బాధ్యులమే. హామీదారుగా సంతకం పెడితే, మామూలుగా అప్పు తీసుకున్నవాళ్లకు ఎంత బాధ్యతో మనకూ అంతే. వ్యాపారం చితికినప్పుడు "నాకేం తెలియదండీ, ఆయన పెట్టమంటే పెట్టాను" అంటే చెల్లదు.

ఇంట్లోవాళ్లను అనుమానించమని చెప్పడం లేదు. ఆడిటర్ చేసే పనేమిటి? కాగితం చూస్తాడు, అర్థం కానిది అడుగుతాడు, సరిపోయాకే సంతకం పెడతాడు. అడిగాడని ఎవరూ అలగరు. అంతపాటి మర్యాద ఇల్లాలి సంతకానికీ ఉండాలి కదా!

ఒక సంతకం కోసం మేరీ ముప్ఫై ఏళ్లు కాచుకుంది. శివభోగం కోర్టు మెట్లెక్కారు. మనకు అంత కష్టం లేదు. ఈ ఆదివారం పనులన్నీ అయ్యాక ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకుని, మీ పేరున ఉన్న పాసుపుస్తకాలు, బీమా బాండ్లు, అప్పు కాగితాలు బీరువాలోంచి తీయించండి. ఒక్కొక్కటీ చదవండి. అర్థం కానిచోట పెన్సిలుతో గీత గీసి, ఇదేమిటని అడగండి.